సాంఘిక చరిత్ర పుస్తకాలు బీరువాలోంచి బల్ల మీదికి రావాలంటే

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్‌కు దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. లైబ్రరీ కూడా నేనే చూసుకుంటాను. ఈ ఏడాది పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బుతో సాంఘిక చరిత్ర రిఫరెన్స్ పుస్తకాలు ఒక బీరువా నిండా కొన్నాం. తెలుగువి ఎక్కువ, ఇంగ్లిష్‌వి కొన్ని. అవి ఇప్పటికీ అద్దాల వెనకే ఉన్నాయి. పోతే ఎవరు కడతారని మా హెచ్‌ఎం గారి భయం. లైబ్రరీ పీరియడ్‌లో బయట పెట్టినా పిల్లలు బొమ్మలు చూసి మూసేస్తున్నారు. ఈలోగా ఇంకో టెన్షన్ వచ్చింది. కులాల గురించి ఉన్న ఒక పేజీని ఎవరో ఫొటో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తమ కులాన్ని కించపరిచే పుస్తకం బడిలో ఎందుకుందని ఒక తండ్రి వచ్చి అడిగారు. అడుగుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పుస్తకాలన్నీ స్టాఫ్ రూమ్‌కి మార్చేయమంటున్నారు హెచ్‌ఎం గారు. ఏం చేయాలి? కొంత డబ్బు మిగిలింది, దాంతో ఏం కొనాలి? పుస్తకాలకు డ్యూయీ నంబర్లు (విషయాన్ని బట్టి వేసే లైబ్రరీ నంబర్లు) వేయాలా?

సమాధానం:

టీచర్ గారూ, ముందు ఆ తండ్రి సంగతి మాట్లాడుకుందాం. పుస్తకాలు ఇంకో వారం బీరువాలో ఉన్నా ఫరవాలేదు. ఆయన్ని అన్నాళ్లు ఆ బాధతో ఉంచకూడదు.

ఫొటో తీసిన పేజీ ఏ పుస్తకంలోదో మీరు రాయలేదు. ఆ పుస్తకం తీసి, లోపలి టైటిల్ పేజీని, దాని వెనకవైపును చూడండి. అట్టను చూసి కొత్త పుస్తకం అనుకోవద్దు. మెరిసే అట్టతో దొరికే కులాల పుస్తకాల్లో కొన్ని వందేళ్లు దాటినవాటికి పునర్ముద్రణలు. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి దక్షిణాది కులాల మీద తెచ్చిన ఏడు సంపుటాలు 1909 నాటివి. నిజాం రాజ్యంలోని కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన పుస్తకం 1920 నాటిది. థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలిచి, ఆ కొలతలతో కులాలకు లెక్కలు కట్టిన అధికారి. ఆ కాలపు అధికారులు ఒక కులం గురించి పక్క కులం పెద్దమనుషులు చెప్పింది కూడా నిజమన్నట్టే రాసుకుపోయారు. ‘ఫలానా కులం వాళ్ల స్వభావం ఇలాంటిది’ అనే వాక్యాలు అలా పుట్టినవే. అవి చదివి ఈనాటి తండ్రి బాధపడితే ఆయనది అతి స్పందన కాదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

మీ పుస్తకం ఆ కోవలోదే అయితే హెచ్‌ఎం గారి మాటలో ఆ ఒక్క పుస్తకం వరకు న్యాయం ఉంది. అది పరిశోధకులకు పనికొచ్చే ఆధారం. ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి టీచర్ తోడు లేకుండా వెళ్లాల్సింది కాదు. దాన్ని టీచర్ల అరలో పెట్టండి. చింపొద్దు, పేజీల మీద సిరా పూయొద్దు. మిగతా బీరువాను మాత్రం కదిలించనివ్వకండి. ఒక పుస్తకం కారణంగా అన్నింటినీ స్టాఫ్ రూమ్‌కి పంపేస్తే పిల్లలకు అందే సందేశం ఒకటే: కులం గురించి మాట్లాడితే గొడవలు వస్తాయి కాబట్టి మాట్లాడకూడదు. ఆ తండ్రి కోరుకున్నది అది కాదని నా నమ్మకం.

ఒకవేళ అది ఈ కాలపు రచయిత ఆనాటి అవమానాలను తప్పుపడుతూ రాసిన పేజీ అయితే సంగతి వేరు. ఫొటోలో కొన్ని వాక్యాలే పడి ఉంటాయి. ముందూ వెనకా పేజీలు ఆయన చూసి ఉండరు.

ఏదైనా సరే, ఆయన్ని మళ్లీ పిలవండి. హెచ్‌ఎం గారి గదిలో నిలబెట్టి కాకుండా, లైబ్రరీ బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, పుస్తకం ముందు పెట్టండి. ఏ మాట నొప్పించిందో ఆయన్నే అడగండి. ఈ మాట ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారో చెప్పండి. మీరు ఆ పుస్తకం విషయంలో ఏం చేయబోతున్నారో కూడా చెప్పండి. వాట్సాప్ గ్రూపులో వివరణ పెట్టే ముందు ఆ వాక్యాలు ఆయనకు చదివి వినిపించండి. ఆ ఫొటో పెట్టినవారిని వెతికి పట్టుకునే పని పెట్టుకోకండి.

క్లాసులో ఈ విషయాలు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. నా మాట కచ్చితంగా వినండి: ‘మీ కులం ఏం పని చేసేది?’ అని ఏ పిల్లనూ ఎప్పుడూ అడగొద్దు. ‘మీ ఇంటి వృత్తి రాసుకురండి’ అని ప్రాజెక్టు ఇవ్వొద్దు. మామూలు ప్రాజెక్టులా కనిపించే ఆ పని, కొందరు పిల్లలకు క్లాసు మొత్తం ముందు నిలబడి తల దించుకునే శిక్ష అవుతుంది. మనిషి గురించి కాకుండా పని గురించి అడగండి. ఈ పని ఎవరితో చేయించేవారు? ప్రతిఫలంగా ఏం ఇచ్చేవారు? కాదంటే ఏమయ్యేది? దాన్ని ఎవరు మార్చారు? ఈ నాలుగు ప్రశ్నలతో వెట్టిచాకిరీ గురించి ఎంత లోతుగానైనా మాట్లాడుకోవచ్చు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణ, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, దేవదాసీ, జోగినీ ఆచారాలను నిషేధించిన 1988 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం పాఠానికి ముందే బోర్డు మీద ఉండాలి. అప్పుడు పిల్లలు ఆ పేజీలను ‘ఇది తప్పు’ అన్న తెలివిడితో చదువుతారు.

‘ఎవరు మార్చారు’ అనే ప్రశ్నను ఎప్పుడూ వదలొద్దు. అవమానాల పేజీ చదివించి ఎదిరించినవాళ్ల పేజీ చదివించకపోతే అది సగం చరిత్రే. మీ ఊళ్లోనే భాగ్యరెడ్డి వర్మ ఉన్నారు. 1888లో పుట్టి 1939లో పోయారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, దళిత పిల్లల కోసం హైదరాబాద్‌లో బడులు తెరిచారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షత వహించారు. అంటరానివాళ్లుగా చూసిన కులాలవాళ్లను పంచములు అనొద్దు, ఆది ఆంధ్రులు అనాలన్న మాట ఆ సభలోనే గట్టిగా వినిపించింది. మీ బడికి దగ్గర్లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుంది. ఆమె పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో ఎందుకు కొట్లాడాల్సి వచ్చిందో మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లే పిల్లలు ఉంటారు కదా.

ఇక పిల్లలు బొమ్మలు చూసి మూసేయడం గురించి. వాళ్ల తప్పు లేదు. రిఫరెన్స్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు, మీరూ నేనూ చదవం. ఏదో ఒకటి తెలుసుకోవాలని వెతికితేనే అది పలుకుతుంది. కాబట్టి ‘ఈ పుస్తకం చదవండి’ అని చేతికిస్తే లాభం లేదు. పిల్లవాడి దగ్గర ముందు ఒక ప్రశ్న ఉండాలి. సాంఘిక చరిత్రలో ఉన్న గొప్ప వసతి ఏమిటంటే, ఆ ప్రశ్నలన్నీ వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. నానమ్మ చిన్నప్పుడు రోజూ జొన్నరొట్టె తిని, వరి అన్నం పండక్కే ఎందుకు తిన్నది? ముత్తాత తెలుగువాడై ఉండి ఉర్దూ మీడియంలో ఎందుకు చదివాడు? మా బస్తీకి నల్లా రాకముందు నీళ్లు ఎవరు మోసేవాళ్లు? ఇవి రాజుల పేర్లు, యుద్ధాల తేదీలతో తేలే ప్రశ్నలు కావు. వీటికి జవాబులు మీ బీరువాలో ఉన్నాయి.

ఆ నల్లా ప్రశ్ననే తీసుకోండి. పిల్లలు వెతుక్కుంటూ పోతే గండిపేట దగ్గర ఆగుతారు. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. వాటిని ఎందుకు కట్టారని ఇంకో పుస్తకం తెరిస్తే 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద కనిపిస్తుంది. మీ బడి చుట్టుపక్కల నేలంతా ఆ రోజు నీళ్లలోనే ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సలహాతో జలాశయాలు కట్టడం, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పాటు, ఇరుకు బస్తీలు తీసి కొత్త రోడ్లు వేయడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

ఇక్కడ పిల్లలను కాసేపు ఆపండి. వరదలో ఎంతమంది పోయారో రెండు మూడు పుస్తకాల్లో చూడమనండి. చాలాచోట్ల 15,000 అని ఉంటుంది. కొన్నిచోట్ల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ‘మరి ఏది కరెక్ట్ టీచర్?’ అని అడుగుతారు. జవాబు చెప్పేయకండి. ఏ పుస్తకం ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చుకున్నదో చూడమనండి. గుడిసెల్లో ఉన్నవాళ్లను ఎవరు లెక్కపెట్టారు, బతుకుతెరువు కోసం ఊళ్ల నుంచి వచ్చి నది ఒడ్డున ఉన్నవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి అని అడగండి. తర్వాత, కొత్త రోడ్ల కోసం తీసేసిన బస్తీల జనం ఎక్కడికి పోయారని అడగండి. ఒక పీరియడ్ చాలదు, రెండు పీరియడ్లు పోనివ్వండి. ఆ రెండు పీరియడ్లలో వాళ్లు నేర్చుకునేది ఏ పరీక్షలోనూ అడగరు, కానీ ఆ తర్వాత అచ్చులో కనిపించిన ప్రతి అంకెనూ పిల్లలు ఒకసారి ఆగి చూస్తారు.

మన తెలుగు పుస్తకాలతో ఒక ఇబ్బంది ఉంది. చాలావాటికి వెనకాల పదసూచిక ఉండదు. విషయం లోపల ఎక్కడో ఉంటుంది, దొరకదు. ఆ సూచికను పిల్లలతోనే తయారు చేయించండి. ఒక పొడుగు రిజిస్టర్ కొని, అక్షరానికి నాలుగు పేజీల చొప్పున అకారాది క్రమంలో విడగొట్టండి. ఏ పిల్ల ఏ పుస్తకంలో ఏం చూసినా అందులో ఒక వరుస రాయాలి: మాట, పుస్తకం, పేజీ, తన పేరు, తరగతి. ఎడ్లబండి, కల్లు, గాజులు, జాతర, ప్లేగు, బావి, మగ్గం అంటూ అది నిండుతుంది. వచ్చే ఏడాది ఇంకో పిల్ల ‘మగ్గం’ కోసం వస్తే అక్క రాసిన వరుస దొరుకుతుంది. నేను ఏళ్ల తరబడి బడి లైబ్రరీల్లో గడిపాను. పిల్లలు పెద్ద పుస్తకాలకు దగ్గర కావడానికి ఇంతకు మించిన ఉపాయం నాకు కనిపించలేదు.

కొన్ని చిన్న విషయాలు ముందే నేర్పితే వెతుకులాట సులువవుతుంది. నిజాం కాలపు రికార్డుల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే అప్పటి సర్కారు లెక్క ప్రకారం ఏళ్లు, ఉంటాయి. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1330 ఫసలీ అంటే 1920 అన్నమాట. డబ్బు లెక్కలొస్తే నిజాం రూపాయి అయిన హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. ఇది తెలియకపోతే కూలి రేట్లు పోల్చడంలో పిల్లలు తప్పు చేస్తారు. ఈ రెండూ ఒక చార్టు మీద రాసి బీరువా పక్కన తగిలించండి.

మీ పుస్తకాల్లో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఉండే ఉంటుంది. 1949లో మొదటిసారి అచ్చయింది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మొదటి తెలుగు పుస్తకం అదే, 1955లో. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నవి శాసనాల్లో పెద్దగా దొరకవు కాబట్టి ఆయన కావ్యాలన్నీ గాలించారు. ‘క్రీడాభిరామం’ అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం ఉంది, ఒక రూకకు ఏమేం పెట్టేవారో వరుసగా. పిల్లలకు ఆ పద్యం వినిపించండి, నోరూరుతుంది. అయితే కావ్యం రాసినవారెవరు, రాయించుకున్నవారెవరు అన్నది కూడా అడగాలి. పూటకూళ్ల ఇంటి లోపలికి రానివ్వని మనుషుల తిండి గురించి ఆ పద్యం చెప్పదు. అందుకే ఆ పుస్తకం పక్కన, మనుషులు తమ నోటితో చెప్పుకున్న చరిత్ర ఒకటి ఉండాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అలాంటిది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పింది. తొమ్మిది, పది తరగతులకు మీరు ఎంచిన భాగాలు చదివి వినిపించవచ్చు. హింస ఉన్న చోట్లను మీరు ముందే చదివి చూసుకోండి.

పుస్తకాలు పోతాయనే భయం గురించి హెచ్‌ఎం గారితో ఒక పద్ధతి మాట్లాడుకోండి. రిఫరెన్స్ పుస్తకం ఇంటికి ఇవ్వకపోవడం సరైన నియమమే. తాళం వేయడం ఆ నియమంలో భాగం కాదు. లైబ్రరీ పీరియడ్ మొదట్లో బల్ల మీద పెట్టి, చివర్లో ఇద్దరు పిల్లలు లెక్కపెట్టి సర్దాలి. ప్రతి పుస్తకం యాక్సెషన్ రిజిస్టర్‌లో (వచ్చిన పుస్తకాలను వరుస నంబరుతో రాసే పుస్తకంలో) ఎక్కి, స్టాంపు పడి ఉండాలి. ఏడాదికోసారి స్టాక్ చూసి, చిరిగినవీ పోయినవీ రాసి హెచ్‌ఎం గారి సంతకం తీసుకోవాలి. ఇది కాగితం మీద ఉంటే ‘ఎవరు కడతారు’ అన్న ప్రశ్న మీ ఒక్కరి మీద పడదు. పుస్తకాలను దాచిపెట్టడం కన్నా అవి వాడకంలో అరగడం మేలు. మన దేశపు గ్రంథాలయ శాస్త్రానికి దారి చూపిన రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా పెట్టారు: పుస్తకాలు ఉన్నది వాడకానికి.

మిగిలిన డబ్బుతో ఇంకో లావుపాటి సెట్టు కొనకండి. ముందు, పిల్లలు ఎక్కువగా వెతికే ఒకటి రెండు పుస్తకాలకు రెండో కాపీ కొనండి, అది ఇంటికి ఇవ్వడానికి. తర్వాత వృత్తి పదకోశాల కోసం చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మీద, 1962లో. తర్వాతది చేనేత మీద. నాగలిలో ప్రతి భాగానికీ, మగ్గంలో ప్రతి కర్రకూ ఏ జిల్లాలో ఏమంటారో ఉంటుంది. పనిచేసేవాళ్ల తెలివి అంత వివరంగా అచ్చులో ఉన్న చోటు ఇంకొకటి నాకు తెలియదు. కొత్త ప్రతి దొరక్కపోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర వెతకండి.

ఇంకొకటి, మీ క్లాసులో ముస్లిం పిల్లలు, మరాఠీ, మార్వాడీ ఇళ్ల పిల్లలు ఉంటారు. తెలుగులో వచ్చిన సాంఘిక చరిత్రల్లో వాళ్ల ఇళ్లు తక్కువగా కనిపిస్తాయి. ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, బార్కస్‌లో అరబ్ కుటుంబాలు ఉన్నారంటే మన పిల్లలే ఆశ్చర్యపోతారు. నగరం మీద ఇంగ్లిష్‌లోనో ఉర్దూలోనో ఉన్న ఒక మంచి పుస్తకానికి కొంత డబ్బు అట్టిపెట్టండి. ఇంట్లో ఉర్దూ చదవగల పెద్దవాళ్లు ఉన్న పిల్ల ఆ పేజీని ఇంటికి జిరాక్స్ పట్టుకెళ్లి, తెలుగులో చెప్పించుకుని రావచ్చు. క్లాసులో ఆ పిల్ల విలువ పెరుగుతుంది.

డబ్బు అక్కర్లేని పని కూడా ఒకటుంది. పిల్లలను నడిపించుకుంటూ కోఠి దాకా తీసుకెళ్లండి. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921లో అక్కడ జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నామని పిల్లలకు చెప్పండి. ఆ మెట్లు ఎక్కే హక్కు వాళ్లకుంది. ముందుగా లైబ్రేరియన్‌కు ఒక ఉత్తరం ఇచ్చి వెళ్తే పాత పత్రికలు చూపించమని అడగడం తేలిక.

ఎనిమిదో తరగతితో మొదలుపెట్టండి. పదో తరగతి వాళ్లకు ఈ ఏడాది ఊపిరి సలపదు, వాళ్లను బలవంతపెట్టొద్దు.

డ్యూయీ నంబర్లు యాక్సెషన్ రిజిస్టర్‌లోనూ, పుస్తకం వీపు మీదా చిన్నగా వేయండి. రేపు కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు పనికొస్తాయి. అరల మీద మాత్రం పిల్లలు చదవగలిగేలా పెద్ద తెలుగు అక్షరాలతో పేర్లు రాయండి: తిండి, బట్ట, పని, చదువు, పండగలు, ఊరు-బస్తీ, ఆడవాళ్ల బతుకులు. ‘కులాలు’ అని ఒక అర పెట్టొద్దు. ఆ పుస్తకాలను పని కింద, చదువు కింద, ఊరు కింద సర్దండి. కులం ఆ మూడింట్లోనూ ఉంది, పిల్లలకు అక్కడే కనిపించాలి.